ఆయిల్ గేజి నేర్పిన చదువు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మండలి వారు అడిగారు. "మీ జీవితంలో చదువు ఎక్కడ ఉపయోగపడిందో రాయండి సార్, పిల్లలకు ప్రేరణగా ఉంటుంది" అన్నారు. చదువు వల్ల ఉద్యోగం వచ్చింది, నెల జీతం వచ్చింది. అది అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఇటువంటి సంచికల్లో ఎవరూ రాయని విషయం ఎంచుకున్నాను. పాత హైబ్రిడ్ కారులో ఇంజిన్ ఆయిల్ చూడడం, మార్చడం. నవ్వకండి. మా రోజుల్లో హాస్టల్లో నూనె అంటే కాస్మెటిక్ చార్జీలు వచ్చిన నెలలో కొనుక్కునే కొబ్బరినూనె సీసా ఒక్కటే. ఆ సీసా మీద గీత గీసి పెట్టుకుని, ఎవరైనా వాడారేమోనని పొద్దున్నే చూసుకునేవాళ్ళం. ఇంజిన్ ఆయిల్ సంగతి కూడా దాదాపు అంతే. గీత ఎక్కడుందో తెలియాలి, పొద్దున్నే చూసుకోవాలి.

మాది కర్నూలు నుంచి నంద్యాల పోయే దారికి లోపలగా ఉన్న మెట్ట పల్లె. అమ్మానాయనలది కూలి పని. ఆరో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చారు. ఇద్దరినీ పైచదువులు చదివించే శక్తి ఇంట్లో లేదు. అందుకని తమ్ముడు పదో తరగతితో ఆగిపోయి లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. నేను బి.యస్సీ., బి.ఎడ్. చేసి ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. వాడు డ్రైవరయ్యాడు. నా చదువులో వాడి వాటా ఉందని నేను ఎప్పుడూ అనుకుంటాను. వాడు మాత్రం ఆ మాట ఏనాడూ అనలేదు.

ఇరవై ఏళ్ళు ఇతరుల బండ్లు తోలిన తరువాత 2022లో సొంత బండి కొందామన్నాడు. అమ్మ గాజులు, నా పి.ఎఫ్. లోను, మిగతాది ఫైనాన్సు. కర్నూలులో పాత బండ్లు అమ్మేచోట 2017 నాటి ఎర్టిగా డీజిల్ దొరికింది. అప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక డోరు మీద ఎస్.హెచ్.వి.ఎస్. అని నాలుగు అక్షరాలున్నాయి. "ఇది హైబ్రిడ్ బండి సార్, దీనికి ఖర్చే ఉండదు" అన్నాడు అమ్మేవాడు. హైబ్రిడ్ అంటే ఏమిటో తెలుసుకోవలసిన అవసరం నాకు అక్కడ మొదలయింది.

రెండు రకాల శక్తితో నడిచే బండిని హైబ్రిడ్ అంటారు. లోపల పెట్రోలో డీజిలో తాగే ఇంజిన్ ఉంటుంది, దానికి తోడు కరెంటు మోటారు ఉంటుంది. ఎక్కువ సంఖ్యలో తయారై జనం కొనుక్కున్న మొదటి హైబ్రిడ్ కారు టొయోటా ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో వచ్చాయి. వాటి ధర మనబోటి వాళ్ళు అడగడానికి కూడా భయపడేంత. 2015లో మారుతి వాళ్ళు సియాజ్‌లోనూ, ఆ తరువాత ఎర్టిగాలోనూ చిన్నపాటి హైబ్రిడ్ పద్ధతి పెట్టారు. ఇందులో మోటారు ఒక్కటే బండిని లాగలేదు. సిగ్నల్ దగ్గర గేరు న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజిన్ తనంతట తాను ఆగిపోతుంది, క్లచ్ తొక్కితే మళ్ళీ లేస్తుంది. బండి వేగం తగ్గేటప్పుడు వృథా అయ్యే శక్తితో బ్యాటరీ చార్జి అవుతుంది, వేగం అందుకునేటప్పుడు మోటారు కొంచెం సాయం చేస్తుంది. కర్నూలు రాజవిహార్ సెంటర్లో మొదటిసారి బండి ఆగిపోయినప్పుడు వెనక సీట్లో మా అమ్మ, "అయ్యో, బండి సచ్చిపాయె గదరా!" అని కంగారు పడింది.

2022 నుంచి మన మార్కెట్లోకి వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వంటి వాటిలో పెద్ద హైబ్రిడ్ పద్ధతి ఉంది. వాటిలో కొంత దూరం మోటారు ఒక్కటే బండిని లాగుతుంది, ఇంజిన్ అవసరాన్ని బట్టి మధ్యలో వచ్చి పోతుంటుంది. ఈ తేడా తెలియక చాలామంది హైబ్రిడ్‌నూ బ్యాటరీ బండినీ ఒకే గాటన కడతారు. పూర్తి బ్యాటరీ బండికి ఇంజిన్ లేదు, కాబట్టి ఇంజిన్ ఆయిల్ అక్కర లేదు. హైబ్రిడ్‌కు ఇంజిన్ ఉంది, ఆయిల్ కావాలి. పైగా మామూలు బండి కన్నా శ్రద్ధగా చూసుకోవాలి.

ఎందుకో చెబుతాను. ఇంజిన్ లోపల ఇనుము మీద ఇనుము తిరుగుతున్నట్టు మనకు కనిపిస్తుంది గానీ నిజానికి వాటి మధ్య పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. షాఫ్టు ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే షాఫ్టు కిందికి దిగి బేరింగు మీద కూర్చుంటుంది. మళ్ళీ లేచినప్పుడు పంపు ఆయిల్ అందించేదాకా ఆ కొద్ది క్షణాలు రాపిడి ఉంటుంది. మామూలు బండి రోజుకు పదిసార్లు స్టార్ట్ అయితే, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి లేచే బండి వందసార్లు స్టార్ట్ అవుతుంది. అందుకే చప్పున పారే, సరైన పల్చదనం ఉన్న ఆయిలే పోయాలి. దీనినే మనం తెలుగు మీడియంలో స్నిగ్ధత అని చదువుకున్నాం. పరీక్షలో దానికి నాలుగు మార్కులు. మా తమ్ముడికి అది నెలనెలా కట్టే కంతు.

ఆయిల్ డబ్బా మీద 5 డబ్ల్యు-30 వంటి అంకెలు ఉంటాయి. డబ్ల్యు అంటే చలికాలానికి ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. ఆ అంకె ఎంత తక్కువైతే అంత తొందరగా పారుతుంది. రెండో అంకె ఇంజిన్ వేడెక్కిన తరువాత ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మా బండి పుస్తకంలో 5 డబ్ల్యు-30 అని ఉంది. మన దేశానికి 2010లో వచ్చిన మూడో తరం ప్రియస్‌కు 0 డబ్ల్యు-20, ఫిల్టరుతో సహా 4.2 లీటర్లు. "మన కడప ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది" అని చెప్పేవాళ్ళు దారి పొడుగునా దొరుకుతారు. ఎండ నలభై డిగ్రీలు దాటితే మనకు తల తిరుగుతుంది గానీ, ఇంజిన్ లోపలి వేడి ముందు అది ఏ మూలకు? ఆ వేడి లెక్క వేసే కంపెనీ వాళ్ళు పుస్తకంలో రాశారు. పుస్తకంలో ఉన్నదే పోయాలి.

ఇక్కడ మా తాత గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఒక రైతు ఇంట్లో జీతగాడు. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టడం ఆయన పనుల్లో ఒకటి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నల్లగా చేసేవారట. కందెన తక్కువైతే ఇరుసు కీచుమంటుంది, ఊరంతా వినిపిస్తుంది, తిట్లు తాతకు పడతాయి. ఆముదం తక్కువదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజిన్లకు ఆముదం పోశారు. కాస్ట్రాల్ అనే ఆయిల్ పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే మాట నుంచి వచ్చిందే. ఎద్దులబండికీ హైబ్రిడ్ కారుకూ తేడా ఒక్కటే. ఎద్దులబండి ముందుగా కీచుమని చెబుతుంది. కారు చెప్పదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ దీపం ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే దీపం. అది వెలిగేసరికి చాలాసార్లు ఆలస్యం అయిపోయి ఉంటుంది. అందుకని బానెట్ ఎత్తి మనమే చూడాలి.

చూసే పద్ధతి ఇది. బండి సమతలం మీద ఉండాలి. ఇంజిన్ వేడెక్కిన తరువాత ఆపి, అయిదు నిమిషాలు ఆగాలి. పైకి పోయిన ఆయిల్ కింద చాంబర్లోకి దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. ఆ తరువాత గేజి పుల్ల బయటికి లాగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా లోపలికి పెట్టి తీయాలి. తుడవకుండా మొదటిసారి తీసింది లెక్కలోకి రాదు. పుల్ల మీద రెండు గుర్తులుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. కింది గుర్తుకు దిగితే కొద్దికొద్దిగా పోసి మళ్ళీ చూడాలి. పై గుర్తు దాటనివ్వకూడదు.

తాళం చెవి సంగతి ఎందుకు ప్రత్యేకంగా చెప్పానంటే, హైబ్రిడ్ బండిలో చప్పుడు లేదంటే ఇంజిన్ ఆగిపోయిందని అర్థం కాదు. ఇదే హాస్టల్లో నా పక్కన జంపఖానా పరుచుకున్న మిత్రుడు ఇప్పుడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. అక్కడ పాత ప్రియస్ కొని, ఆయిల్ తానే మార్చుకుంటాడు. ఒకసారి ఫోనులో ఇలా చెప్పాడు. "ఒరేయ్, రెడీ అని దీపం వెలుగుతుంటే బండి బతికే ఉన్నట్టు. చప్పుడు లేదు గదా అని బానెట్లో చెయ్యి పెట్టినావనుకో, బ్యాటరీ తగ్గి ఇంజిన్ దానంతట అదే లేస్తుంది. తాళం చెవి ఇంట్లో పెట్టి రావాల, అంతే." నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి అసలు పోవద్దని కూడా చెప్పాడు. ఆ కారు బ్యాటరీ రెండు వందల వోల్టులది. మోటారుకు పోయేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. మా ఎర్టిగాది 12 వోల్టుల పద్ధతి, నారింజ వైర్లు ఉండవు. అయినా తాళం చెవి నియమం మాకూ ఒకటే.

ఆయిల్ రంగు గురించి కూడా రెండు మాటలు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుని ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడం ఆయిల్ పని, కాబట్టి నలుపు చూసి భయపడనక్కర లేదు. పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే మాత్రం ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని వెంటనే చూపించాలి. పోయకుండానే లెవల్ పెరిగి డీజిల్ వాసన వస్తుంటే అదీ మంచిది కాదు. మార్చే సమయం రంగును బట్టి కాక కిలోమీటర్లను, నెలలను బట్టి ఉంటుంది. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అన్నది సాధారణ లెక్క. మా తమ్ముడు తిరిగేది బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ళ దుమ్ములో, నిండా మనుషులతో, మే నెల ఎండలో. అందుకని మేము ఎనిమిది వేలకే మారుస్తాం. పెద్ద హైబ్రిడ్ ఉన్నవాళ్ళు "ఇంజిన్ తిరిగింది సగమే గదా" అని ఏడాది గడువు దాటించకూడదు. కొద్ది దూరాలే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, లోపలి తేమ ఆయిల్లోనే ఉండిపోతుంది.

ఇవన్నీ నేను మొదట బండి పుస్తకం ముందు పెట్టుకుని తమ్ముడికి చదివి చెప్పాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. వాడికి ఇంగ్లీషు రాదు. రెండు ఆదివారాలు కూర్చుని అవసరమైన పేజీలు నలభై పేజీల నోటు పుస్తకంలో తెలుగులో రాసి ఇచ్చాను. వెనక పేజీల్లో స్కేలు పెట్టి గడులు కొట్టాను: తేదీ, కిలోమీటర్లు, లెవల్, పోసినది. వాడు రోజూ పొద్దున్నే చూసి రాయడం మొదలుపెట్టాడు. తోటి డ్రైవర్లు "ఏమప్పా, బండికి హాజరు పట్టీ రాస్తాండావే" అని ఎగతాళి చేసేవారు.

ఆ హాజరు పట్టీ విలువ 2023 వేసవిలో తెలిసింది. కర్నూలు నుంచి ఒక కుటుంబం ఒంటిమిట్ట, కడప పెద్ద దర్గా చూడడానికి బాడుగకు మాట్లాడుకుంది. పోయే దారిలో ఆయిల్ మార్చే కిలోమీటర్లు వచ్చాయి. వాళ్ళు భోజనం చేసి సేద తీరే సమయంలో తమ్ముడు ఒక రోడ్డు పక్క షాపులో ఆయిల్, ఫిల్టరు మార్పించాడు. బిల్లులో రెండూ రాసి ఇచ్చారు. రాత్రి కడపలో దిగారు. తెల్లవారి అయిదు గంటలకు నాకు ఫోను.

"అన్నా, పుల్ల తీసి సూసినా. పై గీతకు ఏలెడు పైన ఉండాది. సేతికి ఆముదం మాదిరి సాగుతాంది. ఇది మన ఆయిల్ కాదున్నా."

ఎక్కువ పోస్తే ఏమి నష్టమని మీకు అనిపించవచ్చు. ఆయిల్ ఎక్కువైతే లోపల తిరిగే షాఫ్టు దానిని కవ్వంలా చిలుకుతుంది. నురుగు వస్తుంది. నురుగులో ఉన్నది గాలి, గాలి బేరింగును కాపాడదు. డీజిల్ ఇంజిన్లో ఎక్కువైన ఆయిల్ గాలి గొట్టం ద్వారా లోపలికి పోయి మండే ప్రమాదం కూడా ఉంది. ఈ ఇంజిన్లో టర్బో ఉంది. దాని చిన్న షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ ఆయిల్ పొర మీదే. టర్బో పోతే వాడి మూడు నాలుగు నెలల సంపాదన పోతుంది. ఇంజిన్ పట్టేస్తే బండే పోతుంది. కంతులు మాత్రం పోవు.

"పార్టీ అప్పుడే కిందికి దిగినారు. ఏం జేద్దామన్నా?" అన్నాడు. వాడి గొంతులో భయం ఇంజిన్ గురించి మాత్రమే కాదని నాకు తెలుసు. బాడుగ చెడితే పేరు పోతుంది. ఒక్కసారి పేరు పోతే కర్నూలులో మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఒంటిమిట్ట అక్కడికి పాతిక కిలోమీటర్లే, పోయి వచ్చి చూసుకుందామనే ఆశ కూడా ఉంటుంది.

నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఏమి చేయాలో వాడే నిర్ణయించుకున్నాడు. ఆ కుటుంబంలో పెద్దాయన దగ్గరికి పోయి పుల్ల చూపించి, "పెద్దాయనా, బండిలో ఆయిల్ తప్పు పడింది. ఇట్లనే తోలితే దావలో నిలబెట్టినా నిలబెడతాది. రెండు గంటలు టైమియ్యండి. అంతలోపల మీరు దర్గాకు పోయి రాండి, ఆటో డబ్బులు నేనిస్తా" అన్నాడట. పెద్దాయన మొదట విసుక్కున్నాడు. తరువాత పుల్ల వైపు, వీడి నోటు పుస్తకం వైపు చూసి, "ఇంత లెక్కగా ఉండేటోడివి, నీ మాట ఇంటాం పో" అన్నాడట.

తెలిసిన మేస్త్రీని నిద్ర లేపి ఆ ఆయిల్ మొత్తం తీయించారు. ఫిల్టరు మూత విప్పితే లోపల పాతదే ఉంది, నల్లగా మసి పట్టి. బిల్లులో మాత్రం కొత్త ఫిల్టరు ఉంది. సరైన ఆయిల్, కొత్త ఫిల్టరు వేసుకుని ఎనిమిది గంటలకల్లా దర్గా ముందుకు చేరాడు. ఆ కుటుంబం ఇప్పటికీ ఎక్కడికి పోవాలన్నా వాడినే పిలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ షాపు దగ్గర ఆగి, పాత ఫిల్టరును బిల్లు మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా నిలబడ్డాడట. ఫిల్టరు డబ్బులు తిరిగి ఇచ్చారు. అడిగేవాడు లేని చోట ఇలాంటివి జరుగుతాయి. మనం చదువుకునే రోజుల్లో గోడ మీద వేలాడే మెనూ పట్టికను చిన్నపిల్లలకు చదివి వినిపించి, "రాసింది పెడతాండారా లేదా అని మీరే సూసుకోవాలరా" అని చెప్పిన ఇంటర్ అన్న ఒకాయన ఉండేవాడు. పాత మిత్రులకు ఆయన గుర్తుండే ఉంటాడు. నేను తమ్ముడికి నేర్పింది ఆయన మాకు నేర్పిందే.

అప్పటి నుంచి ఆయిల్ మేమే మారుస్తున్నాం. మా ఊరి దగ్గర వాటర్ సర్వీసింగ్ సెంటరులో సిమెంటు ర్యాంపు ఉంది. ఆదివారం అక్కడికి బండిని ఎక్కిస్తాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు. మన వైపు నాపరాళ్ళు చేతికి అందుతాయి కదా అని చక్రాల కింద పెట్టేవాళ్ళను చూశాను. నాపరాయి పలకలుగా చీలుతుంది, బరువుకు పుటుక్కున విరుగుతుంది. చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి తీసి, అప్పుడే కిందికి పోతాం. ఆయిల్ గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, చల్లారితే మడ్డి లోపలే ఉండిపోతుంది. కింద వెడల్పు తొట్టి పెట్టి చాంబర్ బోల్టు విప్పుతాం. చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టాలి. కాగితం మడతల ఫిల్టరు తీసి, దాని మూతకుండే రబ్బరు రింగును కూడా కొత్తది వేస్తాం. బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగిస్తాం. బలం ఉంది కదా అని బిగిస్తే చాంబర్ మర పోతుంది. మూడు లీటర్లు పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, అయిదు నిమిషాల తరువాత పుల్ల చూసి మిగతాది కొద్దికొద్దిగా పోస్తాం. చివరగా బోల్టు దగ్గర, ఫిల్టరు దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూస్తాం.

ఖాళీ ఆయిల్ డబ్బాలకు మేకుతో చిల్లి పెట్టి పారేస్తాం. లేకపోతే వాటిలో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ళున్నారు. పాత ఆయిల్‌ను క్యానులో పోసి, సేకరించే వాళ్ళకు ఇచ్చే వర్క్‌షాపులో అప్పగిస్తాం. వాడేసిన ఆయిల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. వంకలో పోస్తే అది ఇంకి బోరుకు చేరుతుంది. బిందె నీళ్ళ కోసం మైళ్ళు నడిచిన ప్రాంతం మనది. ఉన్న నీళ్ళను మన చేతులతో మనమే పాడు చేసుకోకూడదు.

మొదటిసారి చేతులు నల్లగా చేసుకుని ఇంటికి వచ్చినప్పుడు అమ్మ బాధపడింది. నా వైపు చూసి, "ఈ మసి సేతులు నా బిడ్డకు వద్దనే గదరా నిన్ను హాస్టల్లో ఏసింది. సార్ అయినోనివి, నీకేంటికి ఈ పని?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె మాటలో తప్పేమీ లేదు. మా వాళ్ళు తరతరాలుగా చేసిన మురికి పనికి విలువా లేదు, గౌరవమూ లేదు. ఆ పని నుంచి బిడ్డలను తప్పించడమే చదువు అని ఆమె నమ్మింది. చాలామంది మన తల్లిదండ్రుల నమ్మకం అదే.

జవాబు తమ్ముడు చెప్పాడు. "అమ్మా, తాత కందెన పెట్టింది ఒకరి బండికి. మనం పెట్టేది మన బండికి. ఆయనకు ఎంత పెట్టాల్నో ఇంకొకరు సెప్పినారు. మాకు పుస్తకం సెప్తాది, అన్న సదివి సెప్తాడు." అమ్మ ఏమీ అనలేదు. లేచి పోయి సబ్బు తెచ్చి ఇద్దరి ముందు పెట్టింది. ఇప్పుడు వాడు తెల్లవారి బండి తీసేటప్పుడు, "పుల్ల సూసినావా?" అని వాకిట్లో నుంచి అడుగుతుంది.

బండి కొని మూడేళ్ళు దాటింది. మీటరు 2 లక్షల 10 వేలు దాటింది. పద్నాలుగు సార్లు ఆయిల్ మార్చాం. ఇంజిన్ విప్పవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. నోటు పుస్తకాలు మూడయ్యాయి. మొదటి పుస్తకంలో "లెవలు" అని రాయడానికి తడబడ్డ వాడు, ఇప్పుడు ఆయిల్ డబ్బా మీది ఇంగ్లీషు తానే కూడబలుక్కుని చదువుతున్నాడు. ఎగతాళి చేసిన డ్రైవర్లలో ఇద్దరు ఆ గడులను చూసి వాళ్ళ బండ్లకూ కొట్టించుకున్నారు.

మిత్రులారా, మీలో ఎవరైనా పాత హైబ్రిడ్ బండి కొనదలిస్తే బేరం ఆడేముందు ఇవి చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పోయి మీ ముందే స్టార్ట్ చేయించండి. సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్ల వరుస తెగకుండా ఉందేమో చూడండి. ఆయిల్ పోసే మూత తీసి లోపల మడ్డి పేరుకుందేమో చూడండి. గేజి పుల్ల మీరే తీసి చూడండి. అది చిన్న హైబ్రిడ్‌దో పెద్ద హైబ్రిడ్‌దో కనుక్కోండి. పెద్దదైతే బ్యాటరీని కంపెనీ సర్వీసులో పరీక్ష చేయించండి. అమ్మేవాడు "దీనికి ఖర్చే ఉండదు" అంటే చిరునవ్వు నవ్వి, పుస్తకం ఇమ్మని అడగండి.

విద్యార్థి తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీరంతా డ్రైవర్లు, మెకానిక్‌లు కావాలని కాదు. ఇంజనీర్లు, డాక్టర్లు, కలెక్టర్లు కావాలి. కానీ ఏ పని చేసినా రాసి ఉన్నది చదవడం, కళ్ళతో చూడడం, తేడా ఉంటే నిలబడి అడగడం అలవాటు చేసుకోండి. హాస్టల్లో మందు సీసా మీద గడువు తేదీ చదవండి. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగండి. కరెంటు బిల్లు ఇంటికి వస్తే అమ్మానాయనలకు చదివి వినిపించండి. మన ఇళ్ళలో ఎందరో చదవలేక మోసపోయారు. వాళ్ళు మనల్ని ఇక్కడికి పంపింది మనతోపాటు వాళ్ళ తరఫున కూడా చదవమని. చదువుకున్న చేతికి మసి అంటితే చదువు తగ్గదు. సబ్బుతో కడిగితే మసి పోతుంది, నేర్చుకున్నది మాత్రం పోదు.

మన హాస్టల్ మరెన్నో వార్షికోత్సవాలు జరుపుకోవాలని, మీరందరూ వృద్ధిలోకి రావాలని మనసారా కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి